డిష్‌వాషర్ మధ్యలో ఆగిందా? రీసెట్ కొట్టకముందే తలుపు తీసి చూడండి

డిష్‌వాషర్ మధ్యలో ఆగిపోతే అందరం చేసే మొదటి పని స్విచ్ ఆపి మళ్లీ వేయడం, అప్పటికీ కదలకపోతే రీసెట్ కొట్టడం, ఆ తర్వాత సర్వీస్ వాళ్లకి ఫోన్ చేయడం. ఇందులో రీసెట్ దగ్గరే చిక్కంతా. రీసెట్ కొడితే చాలా మెషీన్లు ముందు లోపలి నీళ్లు తోడి బయటికి పంపేస్తాయి, దాంతో అది ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తులన్నీ సింకు పైపులో కలిసిపోతాయి. కాబట్టి ఏ బటన్ జోలికీ వెళ్లకుండా ఓ పది నిమిషాలు ఊరుకుని (ఆవిరి మొహం మీదికి కొడుతుంది, తొందరపడొద్దు), తలుపు మెల్లగా తీసి మూడు సంగతులు చూడండి: అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయా, సబ్బు ట్యాబ్లెట్ పెట్టిన డబ్బీ మూత తెరుచుకుందా, గిన్నెలు వేడిగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా. తప్పు ఏ పక్కన ఉందో చాలావరకు ఈ మూడే చెప్పేస్తాయి.

ఎలాగంటే, ఈ మెషీన్ గడియారం చూసుకుని నడిచే రకం కాదు. నీళ్లు పట్టుకోవడం, వాటిని వేడి చేస్తూ గిన్నెల మీద చల్లడం, మురికి నీళ్లు తోడేయడం, ఇవే పనులు ప్రీవాష్ అని, మెయిన్ వాష్ అని, రిన్స్ అని పేర్లు మార్చుకుంటూ నాలుగైదు విడతలు తిరుగుతాయి. ఒక్కో విడతకి మూడు నాలుగు లీటర్ల నీళ్లే. ప్రతి పని తర్వాత మెషీన్ ఏదో ఒక సెన్సార్‌ని అడుగుతుంది. నీళ్లు వచ్చాయా అని ఫ్లో మీటర్‌నో ప్రెజర్ స్విచ్‌నో అడుగుతుంది, వేడెక్కాయా అని థర్మిస్టర్‌ని, తలుపు మూసే ఉందా అని గొళ్లెం దగ్గరి చిట్టి స్విచ్‌ని, మెషీన్ అడుగున ఉండే ట్రేలోకి నీళ్లు కారాయా అని నీళ్లు చేరితే తేలే ఫ్లోట్‌ని అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే కాసేపు ఎదురుచూసి ఆగిపోతుంది. ఇలా ఆగినవాటిలో చాలావాటికి జబ్బేమీ ఉండదు, అడిగినదానికి జవాబు రాక నిలబడి ఉంటాయి, అంతే.

ఇప్పుడు ఆ మూడు గుర్తులూ కలిపి చదవండి. గిన్నెలు పొడిగా ఉండి, డబ్బీ మూసే ఉంటే అసలు నీళ్లే రాలేదు, లేదా తలుపు సరిగా పడలేదు. గిన్నెలు తడిసి, డబ్బీ ఇంకా మూసే ఉండి, అడుగున చల్లటి మురికి నీళ్లు ఉంటే ప్రీవాష్ అయ్యాక ఆ నీళ్లు బయటికి పోలేదు. డబ్బీ తెరుచుకుని, ట్యాబ్లెట్ సగం కరిగి, గిన్నెలు జిడ్డుగా చల్లగా ఉంటే హీటర్ వైపు చూడాలి. ట్యాబ్లెట్ పూర్తిగా కరిగి, నురుగుతో మురికి నీళ్లు నిలిచి ఉంటే మళ్లీ డ్రైన్ సమస్యే. అన్నీ శుభ్రంగా ఉండి కాస్త తడిగా ఉన్నాయంటే అది చివరిదాకా వచ్చేసినట్టు. ఫిల్టర్ కింద గుంటలో కాసిని నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, అవి ఉండాలి కూడా, వాటిని చూసి కంగారుపడకండి. ఫిల్టర్ మీదికి వచ్చి నిలిచిన నీళ్లే లెక్కలోకి వస్తాయి.

అసలు ఆగిందో లేదో కూడా ఓసారి చూసుకోవాలి. కొత్తగా కొన్నవాళ్లు ఇక్కడే ఎక్కువ టెన్షన్ పడతారు. ఎకో ప్రోగ్రామ్ మూడు గంటలు దాటుతుంది, నీళ్లు తక్కువ వేడి చేసి ఎక్కువసేపు నానబెట్టి కరెంటు ఆదా చేయడమే దాని పద్ధతి. చివర్లో ఆరబెట్టేటప్పుడు మోటర్లన్నీ ఆగి ఇరవై ముప్పై నిమిషాలు చప్పుడే ఉండదు. డిస్‌ప్లేలో కనిపించే నిమిషాలు కూడా అంచనాయే. నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసే సెన్సార్ ఉన్న మెషీన్లలో అది మధ్యలో పెరుగుతుంది, ఒక్కోసారి ఒకే అంకె దగ్గర చాలాసేపు నిలబడిపోతుంది. కొన్ని మోడళ్లలో చివర తలుపు దానంతటదే కాస్త తెరుచుకుంటుంది, అదీ లోపం కాదు. మీ ప్రోగ్రామ్‌కి మాన్యువల్‌లో రాసిన టైమ్‌కి ఇంకో అరగంట కలిపి, అప్పటికీ పూర్తి కాకపోతే అప్పుడు అనుమానించండి.

తలుపు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. మూసేటప్పుడు టక్కుమని వినపడాలి. గిన్నెలు పెట్టే కింది అరలో ఎత్తుగా నిలబెట్టిన పళ్లెమో, బయటికి పొడుచుకొచ్చిన గరిటె కాడో తలుపుని ఓ రెండు మిల్లీమీటర్లు వెనక్కి నెడితే చాలు, గొళ్లెం స్విచ్ సరిగ్గా నొక్కుకోదు. అప్పటికి నడుస్తుంది గానీ, నీళ్లు చల్లే రెక్కలు తిరిగే అదురుకి మధ్యలో ఎక్కడో కనెక్షన్ తెగిపోతుంది. తలుపుని చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే మళ్లీ నడుస్తోందా? అయితే దొంగ దొరికినట్టే, మిగతాదంతా చదవక్కర్లేదు.

నీళ్లు రావడం దగ్గర మన ఇళ్ల కథ వేరు. ఈ మెషీన్లని పైపులో ఎప్పుడూ మంచి ప్రెజర్ ఉండే ఊళ్లని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. మనకేమో మేడ మీద ట్యాంకు. నీళ్ల మట్టం ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టే ప్రెజర్ వస్తుంది, పది మీటర్లకి సుమారు ఒక బార్. చాలా మాన్యువల్స్ కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. అంటే ట్యాంకులో నీళ్లు మీ మెషీన్ కంటే మూడు నుంచి ఐదు మీటర్లు పైన ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ల వాళ్లకి ఈ బాధ లేదు, ట్యాంకుకి సరిగ్గా కింద ఉండే పై ఫ్లోర్ వాళ్లకే అంచు మీద నడక. పొద్దున్నే అందరూ కుళాయిలు తిప్పే టైమ్‌లో ఆగుతూ, రాత్రి పదకొండింటికి హాయిగా పూర్తవుతోందంటే అది ప్రెజర్ సమస్యే. పైపు విప్పి ఆ కుళాయి కింద బకెట్ పెట్టండి, పది లీటర్లు నిమిషంలో నిండాలి. రెండు మూడు నిమిషాలు పడుతుంటే మెషీన్‌ని తిట్టి లాభం లేదు, చిన్న ప్రెజర్ పంపు పెట్టించుకోవాలి.

బకెట్ బాగానే నిండుతోందనుకోండి, అప్పుడు పైపు చివర జాలీ చూడండి. కుళాయికి బిగించే చోట, లేదా మెషీన్ వెనక వాల్వ్ మొదట్లో, వేలిగోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు కడిగించిన మర్నాడు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు తెప్పించుకున్న వారం, బోరు నీళ్లలో ఇసుక వచ్చే ఇళ్లలో ఎప్పుడైనా సరే, ఈ జాలీ ఎర్రటి బురద పట్టి మూసుకుపోతుంది. కుళాయి కట్టేసి, జాలీని కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పెట్టేస్తే పని అయిపోయింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కుళాయి వైపు లావుపాటి ప్లాస్టిక్ డబ్బా ఉన్న పైపు అయితే దాన్ని పొడవు తగ్గించడానికని ప్లంబర్ చేత కోయించకండి, కత్తి పెట్టనివ్వకండి. నీళ్లు లీకైతే సరఫరా ఆపే వాల్వ్ ఆ డబ్బాలోనే ఉంటుంది, దానికి వెళ్లే కరెంటు తీగలు ఆ పైపు లోపల నుంచే పోతాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది, చాలామంది టెక్నీషియన్లు కూడా రెండోసారి వస్తే గానీ పట్టుకోరు. మెషీన్ నీళ్లు రావట్లేదని చెప్తుంటుంది, కుళాయి బాగుంటుంది, జాలీ బాగుంటుంది, వాల్వ్ మార్చినా అదే గోల. తప్పు ఉన్నది నీళ్లు బయటికి పోయే పైపులో! మన ఇళ్లలో డిష్‌వాషర్‌ని ఎక్కువగా వంటింటి వెనక వాష్ ఏరియాలో పెడతాం, డ్రైన్ పైపుని తీసుకెళ్లి నేల మీద జాలీలోకి, అదే నహానీ ట్రాప్‌లోకి దూర్చేస్తాం. పైపు పైకి లేవకుండా మొదటి నుంచి చివరిదాకా నేల మీదే పడుకుంటే, ఒకసారి నీళ్లు పారడం మొదలయ్యాక పంపు ఆగినా ఆ ప్రవాహం ఆగదు. మెషీన్ ఒక పక్క నీళ్లు పట్టుకుంటుంటే ఇంకో పక్క నుంచి అవి జారిపోతుంటాయి. ఎంతసేపు పట్టినా మట్టం పెరగదు, చివరికి విసిగి నీళ్లు లేవని ఆగిపోతుంది. నీళ్లు పట్టుకునే టైమ్‌లో డ్రైన్ పైపు చివర సన్నగా ధార కడుతోందేమో చూడండి, అది రాకూడదు. పైపుని వెనక గోడకి అర మీటరు ఎత్తుకి లేపి, అక్కడ క్లిప్ వేసి, అప్పుడు కిందికి వదలండి. అలాగని మరీ పైకి లేపినా కష్టమే, మీటరు ఎత్తు దాటితే ఆ చిన్న పంపు తోయలేదు. ఖచ్చితమైన కొలత మీ మాన్యువల్‌లో ఉంటుంది.

నా లెక్కలో మధ్యలో ఆగిపోయే కేసుల్లో ముందు చూడాల్సింది డ్రైన్ వైపే, అదీ ఫిల్టర్ నుంచే. మన వంటకి ఈ ఫిల్టర్ అసలు సిద్ధంగా లేదు. కరివేపాకు రెబ్బ, పోపులో ఆవాలు, చింతపండు పీచు, మునక్కాడ నార, రొయ్య పొట్టు, ఇవన్నీ పళ్లెంలోంచి దులిపేశామనుకుంటాం గానీ గిన్నె అడుగున అంటుకుని వెళ్తూనే ఉంటాయి. అన్నం మెతుకులు వేడికి ఉడికి గంజిలా మారి ఆ నారని పట్టుకుని అట్ట కడతాయి. కొత్త స్టీలు గిన్నెల మీద అంటించే కంపెనీ స్టిక్కర్ అన్నిటికంటే మొండిది, వేడి నీళ్లకి ఊడిపోయి నేరుగా వెళ్లి పంపు నోటికి అడ్డం పడుతుంది. కొత్త గిన్నె ఏదైనా సరే, స్టిక్కర్ గీకకుండా లోపల పెట్టకండి.

ఫిల్టర్ కడిగినా నీళ్లు పోకపోతే దాని కింద ఉన్న పంపు చూడాలి. ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. గ్లాసుతోనో స్పాంజితోనో నీళ్లు తోడేసి, ఫిల్టర్ తీసి, గుంటలో ఓ పక్కగా కనిపించే చిన్న ప్లాస్టిక్ మూతని చెంచాతో మెల్లగా పైకి లేపితే లోపల చిన్న రెక్కల చక్రం ఉంటుంది (కొన్ని మోడళ్లలో మూతకి స్క్రూ ఉంటుంది). చెయ్యి పెట్టేముందు టార్చ్ వేసి చూడండి, ఇరుక్కున్నది చాలాసార్లు పగిలిన గాజు పెంకు. టూత్‌పిక్, నిమ్మగింజ, ఎముక ముక్క కూడా దొరుకుతుంటాయి. అడ్డం తీసేశాక చక్రాన్ని చెక్క పుల్లతో తిప్పండి. అది ఫ్యాన్‌లా సాఫీగా తిరగదు, ఒక్కో కుదుపుతో ఆగి ఆగి తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది సహజమే, పట్టేసింది అనుకుని కొత్త పంపు కొనేయకండి. అస్సలు కదలకపోయినా, ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగినా అప్పుడు పంపు మార్చాలి.

ఇప్పుడు రీసెట్ కొట్టొచ్చు. చాలా మెషీన్లలో స్టార్ట్ బటన్‌ని మూడు సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే నీళ్లు తోడేసే పని మొదలవుతుంది. లోపల ఓ రెండు మగ్గుల నీళ్లు పోసి, తలుపు వేసి, చెవి పెట్టి వినండి. బుర్ర్ మని సన్నటి చప్పుడుతో పాటు పైపు చివర గళగళా నీళ్లు పడితే పంపు, పైపు రెండూ మంచివే. పంపు చప్పుడు వస్తూ నీళ్లు పడకపోతే పైపు మడత పడింది, లేదా సింకు కింద కలిసే చోట జిడ్డు పేరుకుంది. మెషీన్‌ని గోడకి ఆనించి నెట్టినప్పుడు పైపు వెనకాల నలిగిపోవడం రోజూ జరిగేదే. చప్పుడే లేకపోతే పంపుకి కరెంటు వెళ్లట్లేదు, లేదా పంపు కాలిపోయింది. అక్కడి నుంచి మీటర్ పట్టుకున్నవాళ్ల పని.

హీటర్ గొడవని టైమ్‌ని బట్టి పట్టుకోవచ్చు. ప్రతిసారీ ఇంచుమించు ఒకే చోట, మొదలైన పది పదిహేను నిమిషాలకి, కరెంటు పోతోందంటే హీటర్ ఆన్ అయిన క్షణంలోనే పోతోందన్నమాట. అప్పుడు బోర్డు దగ్గరికెళ్లి ఏ స్విచ్ పడిపోయిందో చూడండి. పడింది ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) అయితే హీటర్ లోపల తడి చేరి కరెంటు ఎర్త్‌కి కారుతోంది, దాన్ని లేపి లేపి వాడుకోవడం ప్రాణాలతో ఆట. పడింది ఎంసీబీ (లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా పడే స్విచ్) అయితే చాలావరకు ఆ లైన్ మీద లోడ్ ఎక్కువైంది, అదే లైన్‌లో గీజరో ఇండక్షన్ పొయ్యో ఉందేమో చూడాలి. ఈ మెషీన్ రెండు వేల వాట్లు, ఆ పైన కూడా లాగుతుంది. 16 ఆంప్స్ సాకెట్ ఉండాల్సిందే, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే ప్లగ్ పిన్నులు నల్లబడి మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది.

కరెంటు పోకుండా, డిస్‌ప్లేలో అంకె కదలకుండా గంటసేపు నిలబడిపోవడం ఇంకో రకం. నీళ్లు అనుకున్నంత వేడెక్కట్లేదు, అది ఎదురుచూస్తోంది. ఇందులో లోవోల్టేజి పాత్రని తక్కువగా చూడకండి. హీటర్ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది, 230 వోల్టుల దగ్గర రెండు వేల వాట్లు ఇచ్చే హీటర్ 180 దగ్గర సుమారు 1,200 వాట్లే ఇస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 65కి తేవడానికి లెక్క ప్రకారం ఆరు నిమిషాల లోపు పట్టాల్సింది తొమ్మిది దాటుతుంది, పైగా లోపలున్న స్టీలు గిన్నెలన్నీ కూడా వేడెక్కాలి కదా. వోల్టేజి సరిగానే ఉండి, అయినా నీళ్లు చల్లగానే ఉంటే హీటరో, థర్మిస్టరో, వాటి మధ్య వైరో పోయింది.

మెషీన్ ఆగిపోయి, ఎంత ఆపినా డ్రైన్ పంపు మాత్రం బుర్ర్‌మంటూ నడుస్తూనే ఉంటే కింద ట్రేలోకి నీళ్లు చేరాయని అర్థం. ఆ ట్రేలో ఫ్లోట్ ఉంటుంది, నీళ్లు చేరగానే అది తేలి స్విచ్‌ని నొక్కేస్తుంది, వెంటనే మెషీన్ నీళ్లు రాకుండా ఆపి, ఉన్నవి తోడేస్తూ ఉండిపోతుంది. పైపు లీకో, తలుపు రబ్బరు చిరగడమో కారణం కావొచ్చు గానీ, ముందు మీరేం సబ్బు వేశారో గుర్తు చేసుకోండి. ట్యాబ్లెట్లు అయిపోయాయని సింకు దగ్గరి లిక్విడ్ ఓ చెంచా పోశారా? చెంచా చాలు. నురుగు పెట్టెంతా నిండి తలుపు అంచుల నుంచి కిందికి కారుతుంది, పంపు నీళ్లకు బదులు గాలి పీల్చి అలసిపోతుంది. సబ్బు బారుతో ముందే ఓసారి తోమి లోపల పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలోనూ ఇంతే జరుగుతుంది. నురుగు చేత్తో ఎత్తేసి, చన్నీళ్లు పోసి రెండు మూడుసార్లు డ్రైన్ చేయాలి. ట్రేలో నీళ్లు పోవాలంటే ప్లగ్ తీసి, నీళ్లు కట్టేసి, ఇద్దరు పట్టుకుని మెషీన్‌ని వెనక్కి వంచితే బయటికి ఒలుకుతాయి. బరువు యాభై కిలోల దగ్గర ఉంటుంది, ఒక్కరే చేయకండి. ఒకసారి ఒంపాక మళ్లీ వారంలో అదే కథ అయితే నిజంగానే ఎక్కడో కారుతోంది.

డిస్‌ప్లేలో వచ్చే కోడ్ ఈ వెతుకులాటని తగ్గిస్తుంది. బాష్ మెషీన్లలో ఈ24, ఈ25 అంటే నీళ్లు పోవట్లేదని, ఈ18 అంటే రావట్లేదని, ఈ15 అంటే ట్రేలో చేరాయని, ఈ09 అంటే హీటర్ అని. ఎల్‌జీలో ఐఈ నీళ్లు రావడానికి, ఓఈ పోవడానికి, హెచ్‌ఈ వేడికి సంబంధించినవి. కానీ కోడ్ చెప్పేది ఏ ప్రశ్నకి జవాబు రాలేదో అంతే, ఎందుకు రాలేదో కాదు. నేల మీద పడుకున్న డ్రైన్ పైపు వల్ల కూడా ఈ18 వస్తుంది మరి.

అమెరికాలో ఉన్నవాళ్లకి రెండు మాటలు. సింకు కింద కొత్తగా గార్బేజ్ డిస్పోజర్ (తిండి తుక్కు నూరేసే యంత్రం) పెట్టించాక డిష్‌వాషర్ ఆగడం మొదలైతే, డిస్పోజర్ పక్కన పైపు తగిలించే ముక్కులోని ప్లాస్టిక్ బిళ్లని కొట్టి తీసేయడం మర్చిపోయారేమో చూడండి. అక్కడి మెషీన్లు చాలావరకు వేడి నీళ్ల లైన్‌కే కలిపి ఉంటాయి కాబట్టి, స్టార్ట్ చేసేముందు సింకు కుళాయిని వేడి నీళ్లు వచ్చేదాకా వదిలితే వేడికోసం ఎదురుచూపులు తగ్గుతాయి.

ఇవన్నీ చూశాక మిగిలేది కంట్రోల్ బోర్డు. అది పోదని కాదు, రిలే అనే చిన్న స్విచ్ దగ్గర టంకం పగలడం, వోల్టేజి ఎగుడుదిగుళ్లకి కాలడం ఉంటాయి. కానీ వచ్చినాయన మూత కూడా విప్పకుండా బోర్డు పోయిందండీ అంటే నేనైతే ఒప్పుకోను. పంపు దగ్గర కరెంటు వస్తోందో లేదో మీటర్ పెట్టి చూశారా, హీటర్ రెసిస్టెన్స్ కొలిచారా అని అడగండి, మార్చిన పాత భాగం మీ చేతికి ఇమ్మనండి. ఫోన్ చేసేటప్పుడు కూడా మెషీన్ పనిచేయట్లేదని చెప్పి ఊరుకోవద్దు. ఎన్ని నిమిషాలకి ఆగింది, నీళ్లు నిలిచాయా, ట్యాబ్లెట్ కరిగిందా, కోడ్ ఏం వచ్చింది, పంపు చప్పుడు వస్తోందా, ఈ ఐదూ చెప్తే ఏ స్పేర్ పట్టుకురావాలో అవతలివాళ్లకి ముందే తెలుస్తుంది, చూసి వెళ్లి మళ్లీ వారానికి వచ్చే పని తప్పుతుంది. ఈలోగా లోపలున్న అంట్లు తీసి తోమేసుకోండి, మూసి ఉంచితే రెండో రోజుకే వాసన మొదలవుతుంది.